ఆవుకు నోటిపుండ్లు, అత్తగారికి నోటిపూత: అంటుకుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో చిన్న పల్లె. ఒక జెర్సీ ఆవు, దాని దూడ, రెండు గేదెలు, నాలుగు మేకలు ఉన్నాయి. వారం కిందట ఆవుకు బాగా జ్వరం వచ్చి మేత మానేసింది. నోట్లోంచి చొంగ తీగల్లా కారుతోంది. నాలుక మీద తోలు ఊడిపోయింది, ఇప్పుడు కుంటుతోంది కూడా. ఊళ్లో మరో మూడిళ్లలో పశువులకు ఇలాగే ఉంది. ఎవరో చెబితే నాలుకకు ఉప్పూ పసుపూ రుద్దాం. నాలుగు రోజులకు మా అత్తగారికీ నోరంతా పూసింది. మంచినీళ్లు కూడా మింగలేకపోతున్నారు. పాలు పితికేది ఆవిడే. ఆవు జబ్బు అంటుకుందని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. పాలు పారబోస్తున్నాం. మా బాబుకు నాలుగేళ్లు, వాడికీ వస్తుందా? ఆవును అమ్మేయమని కొందరంటున్నారు. అత్తగారికి కీళ్లవాతం ఉంది. మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడతారు. ఈమధ్య నొప్పులు ఎక్కువయ్యాయని రోజూ వేసుకుంటున్నారు. చుట్ట కూడా తాగుతారు.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చివర్లో, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు రాశారు. ఆవు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ అత్తగారి మందుల డబ్బా తెరవండి. (ఈ ఒక్క విషయం పత్రికలో వచ్చేదాకా ఆగకూడదని మీకు ఫోన్లో ముందే చెప్పించాను. ఇలాంటి మాత్రలున్న ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.)

నేను పశువుల డాక్టర్ని. మనుషుల వైద్యం నా పని కాదు. అందుకే అత్తగారి గురించి రాసిందంతా మనుషుల డాక్టరైన నా మిత్రుడికి చూపించి, ఆయన సరేనన్నాకే రాస్తున్నాను. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ మంచి మందే. కానీ అది వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవలసిన మందు. దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ దాని చెడు ప్రభావాలను తగ్గించడానికి. చిక్కెక్కడంటే ఈ రెండూ చాలాసార్లు చిన్న చిన్న పసుపు మాత్రలే. చూపు ఆనని పెద్దవాళ్లు ఒకటనుకుని ఇంకొకటి వేసుకుంటారు. లేదా మీ అత్తగారిలా, నొప్పి ఎక్కువైందని వారపు మాత్రను రోజూ మింగుతారు. నొప్పి పుట్టినప్పుడు వేసుకుంటే తగ్గించే బిళ్ల కాదది. మోతాదు పెరిగితే విషమవుతుంది.

ఆ విషం తరచుగా మొదట బయటపడేది నోట్లోనే. మన నోటి లోపలి పొర ఎప్పటికప్పుడు అరిగిపోతూ, రోజుల వ్యవధిలోనే కొత్తగా పుడుతూ ఉంటుంది. కొత్త కణాలు పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. మెథోట్రెక్సేట్ సరిగ్గా దాని పనికే అడ్డుపడుతుంది. పాత పొర అరుగుతూ పోతుంది, కొత్తది రాదు. నోరంతా ఎర్రగా పుండు పడుతుంది. పేగుల లోపలి పొరకూ ఇదే గతి, అందుకే విరేచనాలు. ఎముకల మూలుగలో రక్తకణాల పుట్టుకకూ ఇదే గతి, అందుకే జ్వరం, ఒంటి మీద కమిలినట్టు మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని, ఆ తర్వాత మెథోట్రెక్సేట్‌ను తయారుచేసిన బృందాన్ని అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపింది మనవాడే, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మందునూ, దానికి కాపలా కాసే విటమిన్‌నూ ఒకే మనిషి బృందం మనకిచ్చింది. మీ అత్తగారి డబ్బాలో ఆ రెండూ తారుమారయ్యాయేమో చూడమంటున్నాను.

కాబట్టి మెథోట్రెక్సేట్ తర్వాతి మాత్ర వేయకండి. మాత్రల అట్టలు, చీటీలు అన్నీ సంచిలో వేసుకుని ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి. ఎన్ని రోజులు, రోజుకెన్ని మింగారో దాచకుండా చెప్పండి. రక్తకణాల లెక్క, కిడ్నీ, లివర్ పరీక్షలు చేస్తారు. అవసరమైతే ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఇస్తారు. ఇది ఇంట్లో పుక్కిలించి తగ్గించుకునే పూత కాదు. ఇంకో హెచ్చరిక: నోటిపూతకని, జ్వరానికని ఊళ్లో ఎవరైనా సల్ఫా మాత్ర, అంటే కోట్రైమాక్సజోల్, ఇస్తే వేయనివ్వకండి. మెథోట్రెక్సేట్ వాడేవారికి అది ప్రాణం మీదకు తెస్తుంది. నొప్పి మాత్రలు కూడా డాక్టర్ని అడక్కుండా వద్దు. కిడ్నీ మందగిస్తే మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటకు పోదు.

పరీక్షల్లో ఇదేమీ తేలకపోతే మంచిదే. అప్పుడు మిగతా కారణాలు వెతుకుతారు. కట్టుడు పళ్లుంటే రాత్రి తీసి కడిగి నీళ్లలో వేయాలి, లేకపోతే వాటి కింద బూజు తెగులు పట్టి అంగిలి ఎర్రబడుతుంది. షుగర్ ఉన్నవారికి, ఆయాసానికి స్టెరాయిడ్ పీల్చేవారికి నాలుక మీద మీగడలాంటి తెల్లటి పూత వస్తుంది. తుడిస్తే కొంత వస్తుంది, కింద ఎర్రగా ఉంటుంది. ఐరన్, బి12, ఫోలేట్ తక్కువైనా నాలుక నున్నబడి మండుతుంది. మామూలుగా మనందరికీ అప్పుడప్పుడూ వచ్చే చిన్న గుండ్రటి నోటిపుండ్లు వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో వాటంతటవే మానతాయి. పదే పదే వచ్చేవారు ఏడాది పొడవునా బి కాంప్లెక్స్ గొట్టాలు మింగే బదులు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం మేలు. ఏ పుండైనా రెండు వారాలు దాటి మానకపోతే దంతవైద్యుడికి చూపించి తీరాలి.

చుట్ట సంగతి. మీ వైపు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే పద్ధతి. మీ అత్తగారు అలాగే తాగుతుంటే డాక్టరు చేత అంగిలి పైభాగం టార్చి వేసి చూపించుకోండి. ఆ వేడికీ పొగకూ అంగిలి తెల్లగా మందమెక్కి మధ్యలో ఎర్రటి చుక్కలు పడతాయి. కొందరిలో అది అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఆ పుండ్లకు మొదట్లో నొప్పి ఉండదు కాబట్టే ఎవరూ పట్టించుకోరు. ఇప్పుడు వచ్చిన మంటకు ఇది కారణం కాకపోవచ్చు. అయినా ఎలాగూ నోరు తెరిచి చూపిస్తున్నారు కదా, అది కూడా చూడమనండి.

ఇక ఆవు. జ్వరం, తీగలు సాగే చొంగ, నాలుక తోలు ఊడటం, తర్వాత కుంటడం, ఊళ్లో మరికొన్నిటికీ అదే రావడం... ఇవన్నీ కలిస్తే గాలికుంటు అనుకోవచ్చు. వైరస్ జబ్బు. నోట్లో, గిట్టల సందున, చన్నుల మీద నీటి పొక్కులు లేస్తాయి. అవి పగిలి పుండ్లవుతాయి. నోరూ కాలూ రెండూ చూడమని అందుకే అంటాం. నోరొక్కటే చూస్తే చాలా జబ్బులు ఒకేలా కనిపిస్తాయి. ముల్లు గుచ్చుకుని నాలుక గట్టిపడినా చొంగే. గొంతులో ఏదైనా అడ్డుపడినా చొంగే. పిచ్చికుక్క కరిచినా చొంగే.

ఆ చివరిది ఇంకొంచెం చెప్పాలి. మీరు ఆవు నోట్లో చెయ్యి పెట్టి రుద్దామన్నారు. రేబిస్ వచ్చిన పశువు మింగలేక చొంగ కారుస్తుంది. రైతు ఏదో అడ్డుపడిందనుకుని నోట్లో చెయ్యి పెడతాడు. పల్లెల్లో రేబిస్ భయం మనిషికి దగ్గరయ్యే దారుల్లో ఇదొకటి. మీ ఆవు కుంటుతోంది, చుట్టుపక్కల పశువులకూ ఇలాగే ఉంది, కాబట్టి అది గాలికుంటే అయ్యుంటుంది. అయినా గత కొన్ని నెలల్లో దాన్ని కుక్క కరిచిందా, గొంతు మారి అదే పనిగా అరుస్తోందా, మనుషుల మీదకి వస్తోందా అని పశువుల డాక్టరుకు చెప్పండి. అనుమానం ఉంటే చేతులను సబ్బుతో 15 నిమిషాలు పారే నీటి కింద కడిగి టీకా వేయించుకోవలసిందే. చొంగ కార్చే ఏ పశువు నోట్లోనైనా గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టొద్దు.

ఉప్పు రుద్దడం ఇక ఆపండి. తోలు ఊడిన నాలుక మీద ఉప్పు రుద్దితే అది ఇంకో రెండు రోజులు మేత ముట్టదు. కొన్నిచోట్ల ఎర్రగా కాల్చి వాతలు పెడతారు, కిరోసిన్ పోస్తారు. వీటితో వైరస్‌కు ఏమీ కాదు, పుండు మాత్రం పెరుగుతుంది. నీళ్లు లేత గులాబీ రంగు వచ్చేంత మాత్రమే పొటాషియం పర్మాంగనేట్ కలిపి, రోజుకు రెండు మూడుసార్లు మూతి వంచి మెల్లగా కడగండి. మందు ఎక్కువ వేస్తే అదే కాలుస్తుంది. తర్వాత గ్లిజరిన్‌లో కలిపిన బోరిక్ పౌడర్ పుండ్లకు పూయండి. జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రచారం చేస్తున్న పెరటి వైద్యం కూడా ఒకటుంది. జీలకర్ర, మెంతులు, మిరియాలు నానబెట్టి, పసుపు, వెల్లుల్లి, బెల్లంతో నూరి, కొబ్బరి తురుము కలిపి, నాలుక మీదా నోట్లోనూ పూస్తారు. నాకు అభ్యంతరం లేదు. పశువు ఇష్టంగా చప్పరిస్తుంది, బెల్లం కాస్త ఓపికా ఇస్తుంది. అయితే అది డాక్టరుకు బదులు కాదు.

కాళ్లను కడిగి ఆరబెట్టాలి. బురదలో నిలబెట్టొద్దు. ఈగ వాలితే గిట్టల సందున పురుగు పడుతుంది, అప్పుడు గిట్టే ఊడొచ్చు. వేపనూనె పూస్తే ఈగ దూరంగా ఉంటుంది. మేతగా ఎండుగడ్డి వేయకండి, పుండ్లకు గుచ్చుకుంటుంది. లేత పచ్చగడ్డి సన్నగా తరిగి, రాగి జావ, నూక జావ చల్లార్చి పెట్టండి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. యాంటీబయోటిక్ సూదులు వైరస్‌ను చంపవు. పుండ్లలో చీము పట్టకుండా డాక్టరు వేస్తారు. జ్వరానికీ నొప్పికీ కూడా సూది ఉంది. రైతు సేవా కేంద్రంలో చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేస్తే సంచార వైద్యశాల వస్తుంది.

దూడను వెంటనే విడదీయండి. గాలికుంటులో పెద్ద పశువులు చావడం తక్కువ. కానీ పాలు తాగే దూడలకు వైరస్ గుండె కండరాన్ని పట్టుకుంటుంది. నోట్లో ఒక్క పొక్కు కూడా లేకుండా, రాత్రి బాగానే ఉన్న దూడ తెల్లారేసరికి చచ్చి పడుంటుంది. తల్లి దగ్గర తాగనివ్వకుండా, పాలు మరగబెట్టి గోరువెచ్చగా చల్లార్చి పట్టండి. గేదెలనూ మేకలనూ వేరే చోట కట్టండి. ఆవును చూసే మనిషి ముందు వాటి పని చేసి, చివర్లో ఆవు దగ్గరకు వెళ్లాలి, తర్వాత చేతులు, కాళ్లు, చెప్పులు కడుక్కోవాలి. కొట్టం కడగడానికి ఫినాయిల్ కంటే చాకలి సోడా మంచిది. లీటరు నీటికి 40 గ్రాములు. ఈ వైరస్ పులుపుకూ ఓర్చుకోదు, క్షారానికీ ఓర్చుకోదు.

మరి అంటుకుంటుందా అన్న ప్రశ్న. గాలికుంటు మనిషికి సోకడం అత్యంత అరుదు. సోకినా స్వల్పంగా వచ్చి పోతుంది. దేశంలో ప్రతి ఏటా ఎంతోమంది చేతులతో ఈ పుండ్లను కడుగుతున్నారు, ఆ పాలు పితుకుతున్నారు. ఎవరి నోరూ ఊడటం లేదు. మీ అత్తగారి నోటికీ ఆవు నోటికీ తేదీలు మాత్రమే కలిశాయి. బాబు విషయంలో మాత్రం పేర్ల గందరగోళం ఉంది. చిన్నపిల్లలకు అరచేతులు, అరికాళ్లు, నోట్లో పొక్కులొచ్చే జబ్బు ఒకటుంది, హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ అంటారు. అది వేరే వైరస్ వల్ల, పిల్లల నుంచి పిల్లలకు, అంగన్‌వాడీల్లో బళ్లలో పాకుతుంది. ఆవులకు సంబంధం లేదు. వారం పది రోజుల్లో తగ్గుతుంది. మంటకు నీళ్లు తాగడం మానేసి, ఒంటేలు తగ్గిపోతే మాత్రం ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మేకలున్నాయన్నారు కాబట్టి ఒక మినహాయింపు. మేకపిల్లల మూతి చుట్టూ మందంగా నల్లటి పక్కులు కట్టే ఆర్ఫ్ అనే జబ్బు మనిషికి నిజంగానే అంటుకుంటుంది. అయితే నోటికి కాదు, పాలు పట్టే చేతివేళ్లకు. గడ్డలాంటి పుండు లేచి నెలా నెలన్నరకు మానుతుంది. మేకలకు నోటిపుండ్లతోపాటు కళ్లూ ముక్కూ కారుతూ పారుకుంటుంటే అది పారుడు రోగం. మనుషులకు రాదు గానీ మందను ఊడ్చేస్తుంది. టీకా ఒకసారి వేయిస్తే కనీసం మూడేళ్లు కాపాడుతుంది.

పాలు పారబోయనక్కర్లేదు. బాగా మరిగించి తాగొచ్చు. గేదెల పాలకైతే అసలు ఆలోచనే వద్దు, కాకపోతే వాటినీ మరిగించే తాగండి. పచ్చిపాలతో బ్రూసెల్లా (పశువుల నుంచి మనిషికి వచ్చే ఒక జ్వరం), క్షయ వచ్చే ప్రమాదం గాలికుంటు లేని రోజుల్లోనూ ఉంది. ఆవుకు యాంటీబయోటిక్ వేస్తే డాక్టరు చెప్పినన్ని రోజులు దాని పాలు వాడొద్దు. పొదుగు వాచి పాలు విరిగినట్టు, రక్తం కలిసినట్టు వస్తే పారబోయాల్సిందే. చన్నుల మీద పుండ్లతో పాలు పితకనివ్వక, పొదుగువాపు ఈ జబ్బు వెనకే వస్తుంది.

మనిషికీ పశువుకూ నోటి జబ్బు ఒకే కారణం వల్ల వచ్చిన సందర్భం లేకపోలేదు. అంటుకోవడం వల్ల కాదు, తిండి వల్ల. దక్కన్ ప్రాంతంలో జొన్న మీదే బతికిన కూలీలకు ఒకప్పుడు పెల్లాగ్రా వచ్చేది. నాలుక ఎర్రగా పుండు పడేది, ఎండ తగిలినచోట చర్మం నల్లబడేది. హైదరాబాదులో పోషకాహార శాస్త్రవేత్తలు దాని మీద పనిచేసి 1960లో ప్రచురించారు. అంతకుముందే, 1937లో అమెరికాలో ఎల్వెహీమ్ అనే శాస్త్రవేత్త, తిండి లోపంతో నాలుక నల్లబడిన కుక్కలకు నికోటినిక్ యాసిడ్ అనే బి విటమిన్ ఇచ్చి బాగుచేశాడు. మనుషుల పెల్లాగ్రాకు మందు ఆ కుక్కల నాలుకల నుంచే దొరికింది.

కుక్కలంటే గుర్తొచ్చింది, పట్నం నుంచి రాసేవాళ్లు పెంపుడు జంతువుల నోటి వాసన గురించి అడుగుతుంటారు. ముసలి కుక్క నోట్లో పుండ్లు పడి కంపు కొడుతుంటే పళ్ల గారతోపాటు కిడ్నీ కూడా పరీక్ష చేయించండి. పిల్లికి చిగుళ్లు, గొంతు వెనక భాగం ఎర్రగా వాచి ముద్ద దిగకపోతే, చాలాసార్లు పళ్లు తీయించడమే చివరికి పనికొచ్చే వైద్యం. పిల్లికి పారాసెటమాల్ ఒక్క ముక్క కూడా పెట్టొద్దు, చచ్చిపోతుంది. మనం నోటిపూతకు రాసుకునే సాలిసిలేట్ జెల్ కూడా దానికి విషమే.

మీ చివరి ప్రశ్న, ఆవును అమ్మేయడం. ఇప్పుడు సంతకు తోలకండి. అంటువ్యాధి ఉన్న పశువును సంతకు తీసుకెళ్లకూడదని 2009 నాటి చట్టం ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, దారి పొడవునా చొంగ కార్చుకుంటూ పోయే ఆవు నాలుగూళ్లకు జబ్బు పంచుతుంది. రెండు మూడు వారాల్లో చాలావరకు కోలుకుంటుంది. అయితే ఉన్నమాట చెప్పాలి. ఈ ఈతలో పాలు పాత లెక్కకు రాకపోవచ్చు. కొన్ని సంకరజాతి ఆవులు ఈ జబ్బు తర్వాత ఎండకు తట్టుకోలేక రొప్పుతూ, బొచ్చు పెరిగి, ఎదకు రావడం ఆలస్యం చేస్తాయి. వచ్చే ఎండాకాలం దాని తీరు చూసి అప్పుడు నిర్ణయించుకోండి. ఈలోగా ఇంకా జబ్బు పడని గేదెలకు, మేకలకు టీకా ఎప్పుడు వేయాలో డాక్టర్ని అడగండి. 2019 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఈ టీకా ఉచితం, ఆరు నెలలకోసారి వేస్తారు. దూడకు నాలుగో నెల నిండగానే మొదటిది, నెల తర్వాత రెండోది. చెవికి వేసే పసుపు బిళ్ల నంబరు, టీకా తేదీ అత్తగారి మందుల చీటీ పక్కనే రాసి పెట్టుకోండి.